జీలకర్ర-బెల్లం వేళకి కెమెరా ఎక్కడుండాలి?

ఈ విడత మీ ప్రశ్నల్లో సగానికి పైగా పెళ్లి ఫోటోల గురించే. నలుగురు ఒకే సంగతి అడిగినచోట ఒక్కరి ప్రశ్నే తీసుకున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి మాఘమాసంలో. ముహూర్తం రాత్రి 8 గంటల 52 నిమిషాలకి. కల్యాణ మండపం ఆ రోజు ఉదయం నుంచి మర్నాటి దాకా మా చేతిలోనే ఉంటుంది. ఫోటోగ్రాఫరు ‘టైమ్ టేబుల్ రాసివ్వండి ఆంటీ’ అంటున్నాడు. ఏం రాసివ్వాలి? — ఒక తల్లి, తణుకు

ముహూర్తం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రండమ్మా. 8:52 అంటే జీలకర్ర-బెల్లం పెట్టే నిమిషం. రోజు మొత్తంలో కదలనిది అదొక్కటే. మిగతావన్నీ దానికోసం కాస్త ముందుకో వెనక్కో జరుగుతాయి. కాబట్టి కాగితం అడుగున 8:52 అని రాసి, పైకి రాసుకుంటూ వెళ్లండి.

8:44కల్లా అడ్డుతెర పట్టేసి, తమలపాకులో జీలకర్ర-బెల్లం ముద్ద ఇద్దరి చేతికీ అందాలి. దానికి ముందు కాళ్లు కడగడం, ప్రవరలు, కన్యాదానం కలిపి 35 నుంచి 40 నిమిషాలు. అంటే పెళ్లికూతురు బుట్టలో మండపానికి వచ్చేసరికి 8:05 దాటకూడదు. అంతకుముందు పెళ్లికొడుకు పీటల మీద గణపతి పూజ, పుణ్యాహవచనం, వరపూజకి 45 నిమిషాలు వేసుకోండి. ఆయన 7:15కి కూర్చోవాలన్నమాట. ఎదురుకోలు 6:15కి అని రాయండి. మగపెళ్లివారి బ్యాండు వీధి మలుపులో ఆగి, కుర్రాళ్లు డాన్సు మొదలుపెట్టారంటే అరగంట ఇట్టే పోతుంది. ఆ అరగంటని ముందే లెక్కలో కలిపేశాం.

ఇక గౌరీపూజ. చాలా ఆల్బముల్లో ఇది రెండు మూడు ఫోటోలతో సరిపెట్టి ఉంటుంది. పెళ్లికొడుకు పీటల మీద ఉన్న సమయంలోనే లోపల గదిలో పెళ్లికూతురు గౌరీదేవికి పూజ చేస్తూ ఉంటుంది. ఒక్క మనిషి రెండుచోట్ల ఉండలేడు కదా. ఇద్దరు ఫోటోగ్రాఫర్లుంటే ఫలానా మనిషి గౌరీపూజ గదిలోనే ఉండాలని కాగితం మీద రాయండి. ఒక్కరే అయితే ఎదురుకోలు అవగానే, 6:50కే, పూజ మొదలుపెట్టించమని పంతులుగారిని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. ఆ గదిలో సూట్‌కేసులు, చెప్పులు, ప్లాస్టిక్ కుర్చీలు లేకుండా ఒక గోడ వైపైనా ఖాళీగా ఉంచితే చాలు. ఫోటోకి అలంకారం అక్కర్లేదు, ఖాళీ గోడ కావాలి.

ఇప్పుడు మధ్యాహ్నం సంగతి. మాఘమాసంలో మీ వైపు ఆరు దాటి అయిదారు నిమిషాలకే పొద్దుగుంకుతుంది. పెళ్లికూతురి ఒంటరి ఫోటోలకి లైట్లు అక్కర్లేని మంచి వెలుగు 4:45 నుంచి 5:30 దాకా, మండపం వరండాలో ఎండ నేరుగా పడని చోట దొరుకుతుంది. చీర, నగలు, పూలజడ అన్నీ పూర్తయి అమ్మాయి 4:30కి గది బయటికి రావాలి. మేకప్ గంటన్నర, జుట్టు, పూలజడ గంట, చీర, నగలు ముప్పావుగంట, మొత్తం మూడుంబావు గంటలు. కాబట్టి మేకప్ కుర్చీలో కూర్చోవాల్సింది 1:15కి. అన్నం పన్నెండున్నరకే పెట్టేయండి. పెదాలకి రంగు వేశాక పప్పన్నం కుదరదు. ఆర్టిస్టు మీ అమ్మాయికి మాత్రమేనా, వదినలకీ పిన్నులకీ కూడా వేస్తుందా అన్నది ముందే తేల్చుకోండి. మేకప్ ఆలస్యమయ్యేది ఎక్కువగా పెళ్లికూతురి వల్ల కాదు, ‘నాక్కూడా కొంచెం టచప్ ఇవ్వమ్మా’ అని వరసగా వచ్చేవాళ్ల వల్ల.

ముహూర్తం తర్వాతి లెక్క ఎవరూ వెయ్యరు. అసలు గందరగోళం అక్కడే. జీలకర్ర-బెల్లం అవగానే జనమంతా అక్షింతలు వెయ్యడానికి మండపం ఎక్కుతారు. ఒక్కో కుటుంబం ఎక్కి, అక్షింతలు వేసి, ఫోటో దిగి, దిగిపోవడానికి అర నిమిషం అనుకున్నా వంద కుటుంబాలకి 50 నిమిషాలు. ఈలోగా మధుపర్కాలు కట్టుకోవడానికి 25 నిమిషాలు కావాలి. (కొందరి ఇళ్లల్లో మొదటినుంచీ మధుపర్కాలతోనే పీటల మీద కూర్చుంటారు. మీ ఆనవాయితీ ఏదో ఫోటోగ్రాఫరుకి చెప్పండి, లేదంటే పట్టుచీరలో జంట ఫోటో తీసే అవకాశమే అతనికి దొరకదు.) అందుకని మంగళసూత్రధారణ 9:50 ప్రాంతంలో పడుతుంది. తలంబ్రాలు, బ్రహ్మముడి, సప్తపది అయ్యేసరికి 10:45. వీడియో వాళ్లకి బ్యాటరీలు, కార్డులు మార్చుకోవడానికి ఉన్న ఒకే ఒక్క విరామం మధుపర్కాల సమయం. భోజనం కూడా అప్పుడే, ఒకరి తర్వాత ఒకరు. వాళ్లకి ఆకు వేసి కూర్చోబెట్టే మనిషిని ముందే అనుకోండి. ఆకలి మీదున్నవాడు అప్పగింతల దాకా చురుగ్గా తియ్యలేడు.

ఇంకొక్క పని. పెళ్లికి ముందురోజు పంతులుగారినీ ఫోటోగ్రాఫరునీ ఫోనులో అయిదు నిమిషాలు మాట్లాడించండి. అడ్డుతెర ఎవరి మాటతో దించుతారు, సూత్రం కట్టేటప్పుడు పెళ్లికొడుకు ఎటు తిరిగి నిలబడతాడు, హోమగుండం ఎక్కడ పెడతారు, ఈ మూడూ తెలిస్తే అతను తొంభై పాళ్లు సిద్ధంగా ఉన్నట్టే. ముహూర్తానికి ఎవరి గడియారం అన్న వాదన వద్దు. పంతులుగారిదే. ఫోటోగ్రాఫరు తన కెమెరాల టైము అన్నింటిలోనూ ఒకేలా పెట్టుకుంటే చాలు. నాలుగు కెమెరాల్లో నాలుగు టైములుంటే తర్వాత ఫోటోలన్నీ కలిపి వరసలో పెట్టేటప్పుడు తలంబ్రాలు ముందు, సూత్రం తర్వాత వచ్చి కూర్చుంటాయి.

అన్నట్టు, మీకు అరుంధతి నిజంగానే కనిపించే అవకాశం ఉంది. మాఘంలో రాత్రి పదిన్నర, పదకొండుకి సప్తర్షి మండలం ఈశాన్యంలో పైకి వచ్చి ఉంటుంది. మండపం బయట ఆ దిక్కున భవనాలు, ఫోకస్ లైట్లు లేని చోటు ఒకటి సాయంత్రమే చూసి పెట్టుకోమనండి. అదే కార్తీకంలో రాత్రి తొమ్మిదికైతే అది దిగంతం కిందే ఉంటుంది, తెల్లవారుజామున గానీ కనబడదు.

ప్రశ్న: పెద్దమ్మాయి పెళ్లిలో జీలకర్ర-బెల్లం ఫోటోలన్నిటిలో అల్లుడి ముఖం, మా అమ్మాయి వీపు వచ్చాయి. రెండో అమ్మాయి పెళ్లికి ఇలా కాకుండా ఉండాలంటే? — ఖమ్మం నుంచి ఒక తండ్రి

తప్పు కెమెరాది కాకపోవచ్చు, స్టేజీది. సాధారణంగా వరుణ్ణి తూర్పు ముఖంగా, వధువుని అతనికి ఎదురుగా పడమర ముఖంగా కూర్చోబెడతారు. మీ మండపం స్టేజీ ముందువైపు తూర్పుకి ఉంటే, పెళ్లికొడుకు జనం వైపు చూస్తాడు, పెళ్లికూతురి వీపు జనం వైపు ఉంటుంది. కింద నిలబడి తీసిన ప్రతి ఫోటో అలాగే వస్తుంది. స్టేజీ ఉత్తరానికో దక్షిణానికో చూస్తుంటే ఇద్దరూ పక్కనుంచి కనిపిస్తారు. ఫోటోకి అదే అన్నిటికన్నా మంచిది. హాలు చూడ్డానికి వెళ్లినప్పుడు ఫోనులో దిక్సూచి తెరిచి స్టేజీ ఏ దిక్కుకో చూసి రండి. స్టేజీ తూర్పుదే అయి, హాలు మార్చడం కుదరకపోతే, డెకరేషన్ వాళ్లతో మాట్లాడి పీటల వెనక, అంటే పెళ్లికొడుకు వీపు వైపు, మనిషి నిలబడేంత జాగా వదిలించండి. పూల తెరని మండపం స్తంభాలకి ఆనించి కట్టేస్తే అక్కడ ఎవరూ దూరలేరు. నాలుగడుగులు వెనక్కి జరిపి కట్టమనండి.

ఆ నిమిషంలో రెండు కెమెరాలు ఎదురెదురుగా ఉండాలి. ఒకటి పెళ్లికూతురి భుజం మీదుగా పెళ్లికొడుకు ముఖాన్ని, రెండోది పెళ్లికొడుకు భుజం మీదుగా పెళ్లికూతురి ముఖాన్ని చూడాలి. మూడో మనిషి ఉంటే స్టేజీ ముందు పది పన్నెండు అడుగుల దూరంలో చిన్న నిచ్చెన మీద నిలబడి, అడ్డుతెర మీదుగా ఇద్దర్నీ కలిపి తీస్తాడు. తెర దించిన తర్వాత తొలిచూపు రెండు మూడు సెకన్లే. అది మళ్లీ చెయ్యమని అడిగే ఫోటోగ్రాఫరుని నమ్మకండి. రెండోసారి చూసినప్పుడు ముఖంలో ఉండేది చూపు కాదు, నవ్వమంటే నవ్విన నవ్వు.

అడ్డుపడేది ఎక్కువగా మనవాళ్లే. పెళ్లికూతురి వెనక తోడిపెళ్లికూతురు, మేనత్త, అక్క, అక్క చేతిలో పిల్ల, ఆ పిల్ల చేతిలో ఫోను. ఇద్దరి వెనకా రెండడుగుల ఖాళీ ఉంచే బాధ్యత ఒక బాబాయికి అప్పజెప్పండి. గట్టిగా మాట్లాడినా ఎవరూ నొచ్చుకోని మనిషిని ఎంచుకోండి.

ప్రశ్న: మా దగ్గరి చుట్టాల లగ్గంలో స్టేజీ వెనక ఎల్‌ఈడీ స్క్రీన్ పెట్టారు. ఫోటోలల్ల అడ్డగీతలు, ముఖాలు ఊదారంగు. మా చెల్లెలి పెండ్లికి కూడా అదే హాలు. ఏం జాగ్రత్త తీసుకోవాలె? — హనుమకొండ

గీతలు, ఊదారంగు రెండూ వేరువేరు జబ్బులు.

ఎల్‌ఈడీ స్క్రీన్ మన కంటికి ఆగకుండా వెలుగుతున్నట్టే ఉంటుంది గానీ, నిజానికి సెకనుకి వేలసార్లు ఆరి వెలుగుతూ ఉంటుంది. కెమెరా షట్టర్ దానికన్నా వేగంగా తెరుచుకుని మూసుకుంటే, వెలిగిన వరసలు తెల్లగా, ఆరిన వరసలు నల్లగా పడి గీతలు వస్తాయి. సైలెంట్ మోడ్‌లో, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఇంకా ఘోరంగా వస్తాయి, ఎందుకంటే సెన్సార్ చిత్రాన్ని ఒక్కో వరసగా చదువుతుంది. మెకానికల్ షట్టర్ వాడమని, స్క్రీన్ వెనకాల ఉన్నంతసేపు షట్టర్ వేగం 1/100 సెకను దాటకుండా తీయమని చెప్పండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హాలు ట్యూబులు, చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. 1/50, 1/100 రెండూ వాటితో పొసుగుతాయి. వీడియోకి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50. స్క్రీన్ అద్దెకిచ్చేవాళ్లని రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకి ఎన్నిసార్లు బొమ్మని మళ్లీ వెలిగిస్తుందో, అడగండి. 3,840 హెర్ట్జ్ ప్యానెళ్లుంటే అవే కావాలనండి, 1,920వి అయితే గీతలు పడే అవకాశం ఎక్కువ. పీటలకీ స్క్రీన్‌కీ మధ్య ఆరేడడుగులు ఖాళీ వదిలితే వెనకభాగం మసకబారి చుక్కలు చుక్కలుగా కనబడదు. స్క్రీన్ వెలుగు ముప్పై శాతానికి తగ్గించి, పుస్తె కట్టేటప్పుడైనా కదలని బొమ్మ ఒక్కటే పెట్టించండి. వెనకాల నెమలి పురి విప్పుతుంటే ముందున్న పుస్తె ఎవరి కంటికీ ఆనదు.

ఊదారంగుకి కారణం స్టేజీ మీద తిప్పే రంగుల లైట్లు. ముఖం మీద నీలం, గులాబీ రంగు వెలుగు మాత్రమే పడితే అందులో చర్మం రంగు చూపించే పసుపుపచ్చ భాగమే ఉండదు. లేనిదాన్ని ఎడిటింగ్‌లో ఎవరూ తేలేరు. పసుపు బట్టల మీద నీలం లైటు పడితే మట్టిరంగులోకి దిగుతుంది. మధుపర్కాల తెలుపు, పసుపు అంచు రెండూ పాడవుతాయి. రంగుల లైట్లు వెనక తెర మీదికి, పైకప్పు మీదికి తిప్పించండి. ముఖాల మీదికి మాత్రం రెండువైపుల నుంచీ ఒకే రకం తెల్లని లైట్లు, ఎనిమిదడుగుల ఎత్తులో. ఒకవైపు పసుపు ఫోకస్, ఇంకోవైపు తెల్ల ఫోకస్ పెడితే ఇద్దరి ముఖాలు రెండు రంగుల్లో వస్తాయి. సంగీత్‌కి ఎన్ని రంగులైనా తిప్పుకోండి, అక్కడ అదే అందం.

ప్రశ్న: ప్యాకేజీలో ఆరుగురు మనుషులు, క్రేన్, డ్రోన్ అంటున్నారు. నాలుగు వందలమంది వచ్చే పెళ్లికి ఇవన్నీ అవసరమా? — గుంటూరు

నాలుగు వందలమందికి ఇద్దరు ఫోటోకి, ఇద్దరు వీడియోకి చాలు. ఒక ఫోటోగ్రాఫరు తంతు వదలకుండా వరసగా తీస్తాడు, ఇంకొకరు మనుషుల్ని తీస్తారు. మీరు ‘ట్రెడిషనల్’, ‘క్యాండిడ్’ అని వినేది ఇదే. తంతు తీసేవాణ్ణి తక్కువ చేసి చూడకండి. పదేళ్ల తర్వాత ఇంట్లో అందరూ వెతుక్కునేవి అతను తీసిన ఫోటోలే. క్రేన్ పెద్ద మైదానంలో పనికొస్తుంది. హాల్లో అది ముందు వరసల్లో కూర్చున్న పెద్దవాళ్ల తలల మీద ఊగుతుంది, ఆ జాగాలో ఇరవై కుర్చీలు పడతాయి.

డ్రోన్‌కి 2021 నాటి డ్రోన్ నియమాలు వర్తిస్తాయి. 250 గ్రాములు దాటినదాన్ని డబ్బు తీసుకుని ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, డ్రోన్‌కి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా, విమానాశ్రయం ప్రహరీ నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. మీ మండపం ఏ జోన్‌లో ఉందో డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో చూపించమనండి. ‘ఏం కాదులెండి’ అంటే ఆ భాగం ప్యాకేజీలోంచి తీసేయమనండి. హోమం జరిగేటప్పుడు, షామియానా మీద మాత్రం ఎగరేయనివ్వకండి. రెక్కల గాలికి అగ్ని, అక్షింతలు, పంతులుగారి కండువా మూడూ లేస్తాయి.

మనుషుల సంఖ్యకన్నా ముఖ్యం మనుషులెవరన్నది. మంచి ముహూర్తాలన్నీ కొద్ది రోజుల్లోనే పడతాయి కాబట్టి ఒకే స్టూడియో ఒకే రాత్రి మూడు నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకుని, బయటనుంచి కుర్రాళ్లని రోజు లెక్కన తెచ్చి పంపిస్తుంది. మీకు చూపించిన ఆల్బమ్ తీసింది ఒకరు, మీ పెళ్లికి వచ్చేది ఇంకొకరు. ఒప్పందంలో వచ్చే ఇద్దరు ప్రధాన ఫోటోగ్రాఫర్ల పేర్లు రాయించుకోండి. వాళ్లు తీసిన ఒక పూర్తి పెళ్లి, అంటే ఎంచిన ఇరవై ఫోటోలు కాకుండా మొదటి నుంచి చివరి దాకా, చూపించమనండి. ఎంచిన ఇరవై ఎవరివైనా బాగానే ఉంటాయి.

ప్రశ్న: పెళ్లయ్యాక ఆల్బమ్ చూస్తే పెదనాన్నగారి కుటుంబంతో ఒక్క ఫోటో లేదు. ఇంట్లో ఇప్పటికీ ఆ మాట వస్తూనే ఉంది. తమ్ముడి పెళ్లికి ఇది జరగకూడదు. — శ్రీకాకుళం

ఫోటోగ్రాఫరుకి మీ పెదనాన్న ఎవరో తెలియదు కదండీ. అతనికి కావలసింది రెండు: కాగితం మీద జాబితా, పక్కన పేరు పెట్టి పిలిచే మనిషి. మగపెళ్లివారి తరఫున ఒకరు, ఆడపెళ్లివారి తరఫున ఒకరు, చుట్టరికాలన్నీ తెలిసినవాళ్లు, ఆ గంటసేపు ఇంకే పనీ లేనివాళ్లు.

గుంపులు పదిహేను దాటనివ్వకండి. ఒక్కో గుంపుని పిలిచి, నిలబెట్టి, నాలుగు ఫోటోలు తీసి పంపడానికి మూడు నిమిషాలు. పదిహేనుకి ముప్పావుగంట. అమ్మమ్మ, తాతయ్య ఉన్న గుంపు అన్నిటికన్నా ముందు, వాళ్లని కుర్చీల్లో కూర్చోబెట్టి. ఆ తర్వాత వాళ్లని లేపకుండా చుట్టూ మనుషుల్నే మార్చుకుంటూ పోవాలి. పెద్ద గుంపు నుంచి చిన్న గుంపుకి రావాలి గానీ చిన్నదాంట్లో మొదలుపెట్టకూడదు. మొదట మొత్తం ఇంటిపేరు వాళ్లు, తర్వాత పెదనాన్నవాళ్లు ఉండిపోయి మిగతావాళ్లు దిగిపోవడం, అలా.

ఎప్పుడు? మీరు మగపెళ్లివారు కాబట్టి ఎదురుకోలుకి బయల్దేరే ముందు విడిదిలోనే సగం తీసేసుకోవచ్చు. ఇస్త్రీ నలగదు, ఎవరూ భోజనాలకి వెళ్లి ఉండరు. భోజనం బంతి మొదలయ్యాక పిలిస్తే పదిమందిలో ముగ్గురు చేతులు కడుక్కుంటూ ఉంటారు.

ప్రశ్న: డల్లాస్‌లో మా అబ్బాయి పెళ్లి. అమెరికన్ ఫోటోగ్రాఫరు. తంతుకి ముందే జంటని విడిగా కలిపి ‘ఫస్ట్ లుక్’ ఫోటోలు తీస్తానంటోంది. హాలు మొత్తం ఎనిమిది గంటలసేపే ఇచ్చారు. ఆమెకి మన పెళ్లి గురించి ఏం చెప్పాలి? — టెక్సాస్ నుంచి ఒక తల్లి

మొదట చెప్పాల్సింది, మన పెళ్లిలో ఫస్ట్ లుక్ అప్పటికే ఉందని. అడ్డుతెర దించే క్షణమే అది, దానికి ఒక నిమిషం కూడా నిర్ణయించి ఉంది. రెండు గంటల ముందు తోటలో ఒకసారి చూపించేస్తే తెర దించినప్పుడు చూడ్డానికేం మిగలదు. ఆమె అడిగేది నిజానికి జంట ఫోటోలకి మంచి వెలుగున్న అరగంట. అది ఇవ్వండి, కానీ ముందురోజు ప్రధానం సాయంత్రమో, సప్తపది తర్వాతో. పెళ్లికి ముందు ఇద్దరి ఒంటరి ఫోటోలు విడివిడిగా తీసుకోమనండి.

రెండోది, మన ముహూర్తం సూత్రం కట్టే సమయం కాదని. వేరే ప్రాంతాల భారతీయ పెళ్లిళ్లు తీసి ఉన్నవాళ్లు కూడా మంగళసూత్రం దగ్గరే అసలు క్షణమనుకుని, జీలకర్ర-బెల్లం వేళకి లెన్సు మార్చుకుంటూ ఉంటారు. ఒక పేజీలో తంతు వరస రాసి, పక్కన ఎంతసేపో, ఎవరు ఎటు కూర్చుంటారో, దేన్ని వదలకూడదో రాసివ్వండి. వదలకూడనివి ఆరు: బుట్టలో మేనమామలు తేవడం, కాళ్లు కడగడం, జీలకర్ర-బెల్లం, సూత్రధారణ, తలంబ్రాలు, అప్పగింతలు. బుట్టలో తెచ్చేది అర నిమిషం కూడా ఉండదు. ఆమె దానికి ఎదురుగా వెనక్కి నడుస్తూ తియ్యాలి కాబట్టి మధ్య దారి ఎనిమిదడుగులైనా వెడల్పు ఉండాలి. హాలువాళ్లు మామూలుగా వదిలేది అందులో సగమే. కుర్చీలు వేసేముందే చెప్పండి.

ఎనిమిది గంటల్లో గంటన్నర సర్దడానికి, గంట ఖాళీ చెయ్యడానికి పోతుంది. మిగిలిన అయిదున్నరలో పెళ్లి మూడు గంటలు, భోజనాలు గంటన్నర, ఫోటోలకి గంట. సాగే వీలు లేదు కాబట్టి గణపతి పూజ, గౌరీపూజ, స్నాతకం ఉదయం ఇంట్లోనో హోటల్ గదిలోనో ముగించి రమ్మని పంతులుగారు చెబితే వినండి. హోమానికి మంట అనుమతి ఉందా, పొగ పసిగట్టే అలారం ఆ గంటసేపు ఆపుతారా అన్నది హాలు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అలారం మోగి హాలు ఖాళీ చేయిస్తే ముహూర్తం ఆగదు. పంచాంగం డల్లాస్ సమయానికే గుణించినదేనా అని కూడా ఒకసారి అడగండి. ఇక్కడ పెట్టిన ముహూర్తాన్ని అక్కడి గంటల్లోకి మార్చేసుకుంటే లగ్నం కుదరదు.

ప్రశ్న: తిరుమల కొండ మీద పెళ్లి. ఫోటోలు ఎలా? — కడప

ఆలయం లోపలికి కెమెరాలు, ఫోన్లు అనుమతించరు. కొండ మీద డ్రోన్ మాటే ఎత్తకండి. పెళ్లి జరిగే మండపంలో ఏ మేరకు తీసుకోనిస్తారో బుక్ చేసుకునేటప్పుడే అడగండి. కొండ మీద ఒకే ముహూర్తానికి పక్కపక్కనే పెళ్లిళ్లు జరుగుతాయి. అన్నవరంలోనూ అంతే. తర్వాతి జంట ఎదురుచూస్తూ ఉంటుంది. లైట్ స్టాండ్లు, గొడుగులు పట్టవు. ఒక మనిషి, రెండు కెమెరాలు, ఒక చిన్న ఫ్లాష్. కుటుంబం ఫోటోలు మండపంలో కాకుండా బస చేసిన చోట, ఉదయం ఎండ ముదరకముందు తీసుకోండి.

ప్రశ్న: తలంబ్రాల్లో థర్మోకోల్ గుండ్లు కలిపితే ఫోటోలు బాగా వస్తాయంటున్నారు. నిజమా? — నిజామాబాద్

గాల్లో ఎక్కువసేపు తేలుతాయి కాబట్టి వీడియోకి సందడిగా ఉంటుంది. కానీ అవి జుట్టుకి, పట్టుకి, మేకప్‌కి అంటుకుని తర్వాతి ఫోటోలన్నిట్లో తెల్లచుక్కలుగా మిగులుతాయి. ఫ్లాష్‌కి లెన్సు దగ్గరున్న గుండు పెద్ద తెల్ల మచ్చగా పడి ముఖాన్నే కప్పేస్తుంది. పక్కనే హోమం కూడా ఉంటుంది, థర్మోకోల్ నిప్పుకి ఇట్టే అంటుకుంటుంది. పసుపు కలిపిన బియ్యానికి మించిన రంగు లేదు. బియ్యం గాల్లో విడివిడిగా కనబడాలంటే షట్టర్ 1/500, జలపాతంలా గీతలుగా రావాలంటే 1/100. ఇద్దరు ఫోటోగ్రాఫర్లుంటే ఒక్కొక్కరు ఒక్కోలా తియ్యమనండి. మొదటి మూడు దోసిళ్లు మంత్రంతో నెమ్మదిగా పోస్తారు, ముఖాలు అప్పుడే దొరుకుతాయి. ఆ తర్వాతదంతా యుద్ధం.

ప్రశ్న: పెళ్లై ఏడు నెలలైంది. ఆల్బమ్ రాలేదు. ‘మీరు సెలెక్షన్ ఇవ్వలేదు’ అంటున్నారు. ఐదు వేల ఫోటోలు ఎలా ఎంచాలి? — విజయనగరం

ముందు ఫోటోల భద్రత చూడండి, ఆల్బమ్ తర్వాత. ఐదు వేల ‘రా’ ఫోటోలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫైళ్లు) ఒక్కోటి 28 ఎంబీ అనుకుంటే 140 జీబీ. 4కె వీడియో సెకనుకి వంద మెగాబిట్ల చొప్పున గంటకి 45 జీబీ, రెండు కెమెరాలు ఆరేసి గంటలు తీస్తే 540. మొత్తం 680 జీబీ. స్టూడియోలు ఏడాదికి వందల గంటల పని నిలవ చేసుకోలేక, సీజన్ మారగానే పాతవి చెరిపేస్తాయి. ఒకటికి రెండు, ఒక్కోటి ఒక టీబీ హార్డ్ డిస్కులు కొని వెంటనే ఈ వారమే కాపీ చేయించుకోండి. రెండూ ఒకే బీరువాలో పెట్టకండి, ఒకటి అత్తారింట్లో ఉంచండి. ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో అక్కడే, స్టూడియోలోనే, మధ్యమధ్యలో పది ఫోటోలు, రెండు వీడియోలు తెరిచి చూడండి.

ఇక ఎంచడం. 40 షీట్ల ఆల్బమ్ అంటే 80 పేజీలు, పేజీకి మూడు నాలుగు చొప్పున 250 నుంచి 300 ఫోటోలు. ఐదు వేలల్లో 300 ఎంచడమంటే చెయ్యి ఆడదు, అందుకే ఏడు నెలలైంది. ఎంచే పని వదిలి తీసేసే పని మొదలుపెట్టండి. మొదటి రోజు కళ్లు మూసుకున్నవి, మసకవి, ఒకేలాంటివి తీసేస్తే దాదాపు రెండు వేలు మిగులుతాయి. రెండోరోజు వాటిని తంతుల వారీగా ఫోల్డర్లు చేసి ఒక్కోదానికి పేజీలు కేటాయించండి: పెళ్లికూతుర్ని చెయ్యడం ఆరు, ఎదురుకోలు ఆరు, కన్యాదానం, జీలకర్ర-బెల్లం పన్నెండు, సూత్రం ఎనిమిది, తలంబ్రాలు ఎనిమిది, అతిథులు ఇరవై, మిగిలినవి రిసెప్షన్, అప్పగింతలకి. మూడో రోజు ఫోల్డరు లోపలే ఎంచుకోండి. ఇది ఇద్దరు చెయ్యాల్సిన పని, పదిమంది వాట్సాప్ గ్రూపులో పెట్టారంటే మళ్లీ ఏడు నెలలు. ఎంచినవాటి నంబర్లు ఫైలు పేరుతో సహా రాసి ఈ-మెయిల్లో పంపండి, వాట్సాప్‌లో ఫోటో పంపి ‘ఇది’ అనకండి, వాళ్లకి అది ఏ ఫైలో దొరకదు. ఆ ఈ-మెయిల్లోనే ఆల్బమ్ ఏ తేదీకి ఇస్తారో అడగండి. చివరి విడత డబ్బు ఇంకా మీ దగ్గరే ఉంటే, డిజైన్ చూసి సరేనన్నాక సగం, ఆల్బమ్ చేతికొచ్చాక సగం అని అందులోనే రాసేయండి.